లావుగా ఉన్నవాళ్లకీ బాక్సింగ్ హాల్లో చోటివ్వండి

సంపాదకుడిగారికి నమస్కారం.

ఊబకాయం గురించి మీ పత్రికలో తరచూ వ్యాసాలు వస్తుంటాయి. రోజూ నడవండి, అన్నం తగ్గించండి, నూనె తగ్గించండి, టెన్షన్ పెట్టుకోకండి అని డాక్టర్లు చెబుతుంటారు. అన్నీ సరైన మాటలే. కానీ పార్కులో ఒకే దారిన తిరిగి తిరిగి విసుగొచ్చి మానేసినవాళ్లు, ట్రెడ్‌మిల్ ఎక్కి గోడ వంక చూస్తూ అరగంట గడపడం తమ వల్ల కాదనుకున్నవాళ్లు ఈ నగరంలో ఎంతమందో ఉన్నారు, వాళ్లలో కొందరు ఇప్పుడు బాక్సింగ్ నేర్చుకుందామని వస్తున్నారు, నాలాంటి ఆడవాళ్లు కూడా వస్తున్నారు. నాకు నలభై దాటాయి. ప్రైవేట్ స్కూల్లో టీచర్‌ని. బాక్సింగ్ మొదలుపెట్టేనాటికి 90 కిలోల పైనే ఉన్నాను, ఇప్పటికీ సన్నగా ఏమీ లేను, కానీ స్కూల్లో మూడో అంతస్తుకి మెట్లెక్కి వెళ్లి వెంటనే పాఠం మొదలుపెట్టగలుగుతున్నాను, బీపీ మాత్ర డోసు మా డాక్టరుగారే తగ్గించారు, వారంలో ఒక క్లాసు తప్పిపోతే ఏదో వెలితిగా ఉంటోంది.

ఈ ఉత్తరం ఎందుకంటే, లావుగా ఉన్న కొత్తవాళ్లకి మొదటి నెల ఎలా నేర్పాలన్న ఆలోచన చాలా చోట్ల కనబడడం లేదు. ఇష్టంతో వచ్చినవాళ్లు, ఓపిగ్గా నేర్పితే తప్పకుండా నేర్చుకునేవాళ్లు, మూడో వారానికే మోకాలు పట్టుకుని ఇంటిదారి పడుతున్నారు. పైగా "మన ఒంటికి ఇవన్నీ పడవు" అని జీవితాంతానికి ఒక నిర్ణయానికి వచ్చేస్తున్నారు. నాకు కోపం వచ్చేది అక్కడే.

నేను మొదట చేరిన చోటు పేరు రాయను. క్లాసు మొదలవగానే స్కిప్పింగ్ తాడు చేతికిచ్చి మూడు నిమిషాల రౌండ్లు గెంతమన్నారు, ఆ తర్వాత బర్పీలు, అంటే నేల మీదికి వంగి పడుకుని లేచి గెంతడం, ఆ తర్వాత హాలు చుట్టూ పరుగు. పాతికేళ్ల పిల్లలు ఎంత చేస్తే నేనూ అంతే చేయాలి, అదే వేగంతో చేయాలి. గ్లవ్స్ తొడుక్కునే వేళకి భుజాలు పైకి లేవడం లేదు, ఇక నేర్చుకునేదేముంది? నాతో పాటు ఒక అబ్బాయి చేరాడు, ఐటీలో నైట్ షిఫ్టులు, బాగా లావు, ఎంత ఇష్టంగా వచ్చేవాడో. కొద్ది రోజులకే మోకాలి కింద, ముందువైపు ఎముక వెంబడి నొప్పి పట్టుకుంది, మళ్లీ రాలేదు. ట్రైనర్‌ని అడిగితే "వాళ్లకు ఓపికుండది మేడం, వచ్చుడు పోవుడే" అన్నాడు. ఆ అబ్బాయికి ఓపిక ఉంది. అతని కాళ్ల మీద ఎంత భారం వేస్తున్నామన్న లెక్క నేర్పేవాళ్ల దగ్గర లేదు.

ఆ లెక్క ఎప్పుడో తేలిందే. బరువు ఎక్కువగా ఉండి మోకాళ్లు అరిగిన పెద్దవాళ్ల మీద అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2005లో వచ్చింది. ఒక కిలో తగ్గితే నడకలో వేసే ప్రతి అడుగుకీ మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం తగ్గుతుందని అందులో తేలింది. ఆ లెక్కన 20 కిలోలు ఎక్కువున్న మనిషి మోకాలు అడుగడుగుకీ సుమారు 80 కిలోలు అదనంగా మోస్తున్నట్టే. అది మామూలు నడకలో, ఇక గెంతితే ఎంతవుతుందో ఆలోచించండి. స్కిప్పింగ్ బాక్సర్లకి ప్రాణం, కాదనను, కాళ్ల వేగం, లయ, దమ్ము అన్నీ దాంతో వస్తాయి. అయితే ఒంట్లో అన్నీ ఒకే వేగంతో అలవాటు పడవు. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే పుంజుకుంటాయి, పిక్కలు, మడమ వెనక ఉండే స్నాయువు, అరికాలు, ఎముకలు వాటికి నెలలు పడుతుంది. ఆయాసం తగ్గింది కదా అని గెంతులు పెంచేసినవాళ్లకి పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమ కలుక్కుమంటుంది, ఆ నొప్పి ఒకసారి పట్టుకుంటే అంత తేలిగ్గా వదలదు.

నాకు బాక్సింగ్ నేర్పింది ఆ తర్వాత దొరికిన కోచ్ సార్. పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ, ఎన్‌ఐఎస్‌లో, కోచింగ్ డిప్లొమా చేసి వచ్చిన పెద్దాయన. రేకుల షెడ్డు, గుద్దడానికి వేలాడదీసిన బ్యాగులు, పాత ఫ్యాన్లు, అంతే. ఆయన తాడు ఇవ్వలేదు. "ముందుగాల నిలబడుడు నేర్చుకో అమ్మా, కొట్టుడు తర్వాత చూద్దాం" అన్నారు.

నిలబడడమే ఒక పాఠం అని అక్కడ తెలిసింది. కుడిచేతి వాటం వాళ్లయితే ఎడమ కాలు ముందు, కుడి కాలు వెనక, రెండింటి మధ్య భుజాలంత ఎడం, మోకాళ్లు కాస్త సడలించి, వెనక మడమ కాస్త లేపి, గడ్డం దించి, రెండు పిడికిళ్లూ చెంపల దగ్గర. ముందుకి వెళ్లాలంటే ముందు కాలే మొదట కదలాలి, వెనక్కి రావాలంటే వెనక కాలు, ఎడమకి ఎడమది, కుడికి కుడిది. కాళ్లు ఎప్పుడూ ఒకదానికొకటి అడ్డం పడకూడదు. ఎగరనక్కర్లేదు, నేల మీద జరిపితే చాలు. ఈ ఒక్క పని అద్దం ముందు పది నిమిషాలు చేస్తే తొడలు వేడెక్కి, చొక్కా తడిసి, గుండె వేగం పెరుగుతుంది, మోకాళ్ల మీద మాత్రం దెబ్బ పడదు. బరువున్న మనిషికి వార్మప్ అంటే ఇలా ఉండాలి. తాడు లేకుండా తాడు తిప్పుతున్నట్టు మణికట్లు తిప్పుతూ ఒక్కో కాలు మార్చి మార్చి మోపడం కూడా ఆయనే నేర్పారు, అసలు తాడు చేతికి వచ్చింది చాలా నెలల తర్వాత, అది కూడా రబ్బరు మ్యాట్ మీద, మధ్యమధ్య ఆగుతూ.

తర్వాత జాబ్, అంటే ముందున్న చేత్తో నేరుగా కొట్టే దెబ్బ. చాలాకాలం జాబ్ ఒక్కటే. చేయి ఎంత వేగంగా వెళ్లిందో అంతే వేగంగా తిరిగి చెంప దగ్గరికి రావాలి, కొట్టి అక్కడే వదిలేస్తే కుదరదు. బొటనవేలు పిడికిలి బయట ఉండాలి, మణికట్టు వంగకూడదు, దెబ్బ చూపుడు వేలు, మధ్య వేలు మొదళ్ల మీద పడాలి. చిటికెన వేలు వైపు పడితే ఆ వేలి వెనకున్న అరచేతి ఎముక విరిగే ప్రమాదం ఉంది, ఎముకల డాక్టర్లు దాన్ని బాక్సర్స్ ఫ్రాక్చర్ అనే పిలుస్తారు. లావుగా ఉన్నవాళ్లు ఈ విషయంలో ఇంకా జాగ్రత్తగా ఉండాలి. మన దెబ్బ వెనక బరువు ఉంటుంది, బ్యాగు గట్టిగా ఊగుతుంది, అది చూసి ఉత్సాహం ఆగదు, ఇంకా గట్టిగా కొట్టాలనిపిస్తుంది, కానీ ఆ బరువుని తట్టుకునే స్థితికి మణికట్టు ఇంకా రాలేదు. అందుకే మొదట్లో సగం బలంతో కొట్టించే కోచ్ మంచి కోచ్, "కొట్టు కొట్టు" అని పక్కన అరిచేవాడు కాదు.

ఇక క్రాస్, అంటే వెనక చేత్తో నేరుగా కొట్టే దెబ్బ. చేతి బలం మీద కొడితే భుజం నొప్పి తప్ప ఏమీ మిగలదు. వెనక పాదం నేల మీద తిరగాలి, దాంతో తుంటి తిరగాలి, దాంతో భుజం, ఆఖరున పిడికిలి. ఆ వరస కుదిరిననాడు బ్యాగు చేసే చప్పుడే మారిపోయింది, పక్క బ్యాగు దగ్గరున్న పిల్లలు ఆగి చూశారు. సంపాదకుడిగారూ, నా వయసులో, నా బరువులో ఉన్న ఆడమనిషి ఒంటిని చూసి "అబ్బ, ఏం బలం" అని ఎవరైనా అనడం ఎంత అరుదో మీకు తెలియకపోవచ్చు. పరుగులో, మెట్లెక్కడంలో, యోగాలో కూడా మా బరువు మమ్మల్ని వెనక్కి లాగుతుంది. బ్యాగు ముందు నిలబడినప్పుడు అదే బరువు మా వైపు పనిచేస్తుంది. ఆ సంతోషం కోసమే మళ్లీ మర్నాడు వెళ్తాం. బరువు తగ్గించే వ్యాయామాల్లో ఏది గొప్పది అని వాదించుకోవడం దేనికి, నెలల తరబడి మానకుండా చేయగలిగింది ఏదో అదే మనకి మంచిది, మానకుండా ఉండాలంటే అందులో నేర్చుకోవడానికి ఏదో ఒకటి మిగిలి ఉండాలి. బాక్సింగ్‌లో అది అయిపోదు. కాటా కదలని వారంలో కూడా హుక్, అంటే మోచేయి వంచి పక్కనుంచి కొట్టే దెబ్బ, కొంచెం మెరుగవుతుంది.

ఊపిరి గురించి రెండు మాటలు. కొత్తవాళ్లందరూ కొట్టేటప్పుడు ఊపిరి బిగపడతారు, అలా బిగపట్టి బలం వేస్తే బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది. దెబ్బ దెబ్బకీ గాలి బయటకి వదలాలి, అందుకే బాక్సర్ల దగ్గర ఆ ఉస్ ఉస్ చప్పుడు వినబడుతుంటుంది. ఇప్పటికే బీపీ ఉన్నవాళ్లకి కోచ్ చెప్పాల్సిన మొదటి మాట ఇదే, నా మొదటి ట్రైనర్ నాకు బీపీ ఉందా అని కూడా అడగలేదు. అలాగే రౌండ్లు. పోటీల్లో 3 నిమిషాల రౌండు, 1 నిమిషం విశ్రాంతి. అది పోటీ బాక్సర్ల కొలత. కొత్తగా వచ్చిన బరువైన మనిషికి ఒక నిమిషం పని, ఒక నిమిషం విశ్రాంతి చాలు, విశ్రాంతి ముగిసేసరికి ఒక వాక్యం పూర్తిగా మాట్లాడగలగాలి, అది చేతకాకపోతే ఇంకో నిమిషం ఆగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి శ్రమ చెప్పింది, దాంతో పాటు రెండు రోజులు కండరాలకి పని. అంటే వారానికి మూడు క్లాసులు, మిగతా రోజుల్లో కాస్త నడక ఉంటే సరిపోతుంది. రోజూ రెండు పూటలా రమ్మని, రాకపోతే క్రమశిక్షణ లేదని తిట్టే చోట్లకి దూరంగా ఉండమని నా స్నేహితురాళ్లకి చెబుతుంటాను.

స్పారింగ్, అంటే ఎదుటి మనిషితో తలపడి చేసే సాధన, దాని గురించి మాత్రం కటువుగా చెబుతున్నాను. బరువు తగ్గడానికి వచ్చిన మనిషి తల మీద దెబ్బలు తినక్కర్లేదు. తలకి గట్టిగా తగిలితే మెదడు అదురుతుంది, హెడ్ గార్డ్ పెట్టుకుంటే చర్మం చిట్లకుండా ఆగుతుందేమో కానీ లోపల అదిరేది ఆగదు. బ్యాగు, కోచ్ చేతులకి తొడుక్కుని పట్టే ప్యాడ్లు, ఎదుట ఎవరూ లేకుండా గాల్లో కొట్టే షాడో బాక్సింగ్, ఈ మూడింటితోనే దమ్ము, బలం, చురుకు అన్నీ వస్తాయి. కొన్ని జిమ్ముల్లో చేరిన మొదటి నెలలోనే కొత్తవాళ్లిద్దరిని రింగులోకి దింపి, చుట్టూ నిలబడి రీల్స్ తీస్తున్నారు. ఇది ఆపాలి. అడగకుండా లావుపాటి మనుషుల వీడియోలు తీసి "చూడండి, వీళ్లు కూడా చేస్తున్నారు" అని పెట్టడం కూడా ఆపాలి.

సామాన్ల విషయానికొస్తే పెద్ద ఖర్చేం లేదు. చేతికి చుట్టుకునే రాప్స్ ఒక జత, 180 అంగుళాలవి, సొంతవి ఉండాలి. గ్లవ్స్ బరువుని ఔన్సుల్లో చెబుతారు, బ్యాగు మీద చేసే పెద్దవాళ్లకి 12 లేదా 14 సరిపోతాయి, చేతులు పెద్దవైతే 16. జిమ్ములో అందరూ వాడే గ్లవ్స్ లోపల చేయి పెట్టడం నాకైతే భయం, ఆ తడికి తామర అంటుకుందంటే వదిలించుకోవడం కష్టం. రాప్స్ ప్రతి క్లాసు తర్వాత ఉతికి ఎండలో వేయాలి, గ్లవ్స్ సంచిలో కుక్కకుండా గాలికి తెరిచి పెట్టాలి. తొడలు ఒరుసుకుని మంట పుట్టేవాళ్లు మోకాళ్ల దాకా ఉండే బిగుతైన షార్ట్స్ లోపల వేసుకుని, కాస్త వాజలీన్ రాసుకుంటే బాధ ఉండదు. ఈ విషయం ఎవరూ పైకి చెప్పరు, ఎంతోమంది ఈ మంటకే మానేస్తారు, అందుకని రాస్తున్నాను. ఆడవాళ్లకి గట్టి స్పోర్ట్స్ బ్రా ఉండాలి, గ్లవ్స్ కంటే ముందు దాని మీద డబ్బు పెట్టాలి.

తిండి దగ్గరికి వస్తే ఇది హైదరాబాద్. గంట క్లాసులో మధ్యమధ్య విశ్రాంతులు తీసేస్తే ఒళ్లు నిజంగా కష్టపడేది ముప్పావు గంట కూడా ఉండదు, ఆ శ్రమలో ఖర్చయిన కేలరీలన్నీ, ఇంకా పైన కొన్ని, హోటల్లో ఒక ఫుల్ ప్లేట్ బిర్యానీతో తిరిగి వచ్చేస్తాయి. క్లాసు అయ్యాక ఇరానీ చాయ్, రెండు ఉస్మానియా బిస్కెట్లు, అలా కబుర్లలో ఇంకో రెండు, ఇది మా బ్యాచ్‌లో అందరికీ ఉన్న అలవాటే. మానేయమని నేను ఎవరికీ చెప్పను, తిండి మీద పగబట్టి నిలిచినవాళ్లని నేను చూడలేదు. మన తార్నాకలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది, 2024లో వాళ్లు భారతీయులకి ఆహార మార్గదర్శకాలు కొత్తగా ఇచ్చారు, కూరగాయలు, పప్పులు పెంచండి, ఉప్పు, చక్కెర, నూనె తగ్గించండి, ప్రొటీన్ పౌడర్లు అక్కర్లేదు అని అందులో స్పష్టంగా ఉంది. జిమ్ములో చేరిన తొలి వారంలోనే డబ్బా చేతిలో పెట్టి వేలు వసూలు చేసేవాళ్లు ఆ పేజీలు ఒకసారి చదవాలి. రెండు గుడ్లు, గిన్నెడు పప్పు, పెరుగు, సాయంత్రం పూట మన వీధుల్లో వేడివేడిగా కాల్చి ఇచ్చే జొన్న రొట్టెలు, ఆకుకూర, ఇవి చాలు నాకు.

ఇంకో ప్రమాదం ప్లాస్టిక్ సూట్. చెమట ఎక్కువ పడితే కొవ్వు కరుగుతుందని నమ్మించి, ఎండాకాలంలో కూడా అది వేయించి స్కిప్పింగ్ చేయిస్తున్నారు. చెమటతో పోయేది నీళ్లు. బరువు విభాగంలోకి రావడానికి క్రీడాకారులు తూకానికి ముందు నీళ్లు తగ్గించుకుంటారు, అది ఎంత కష్టమో 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మనందరం చూశాం, రెజ్లర్ వినేశ్ ఫోగాట్ ఫైనల్ రోజు 50 కిలోల మీద 100 గ్రాములు ఎక్కువ తూగినందుకు పోటీకే దూరమైంది. వాళ్లది తూకం గండం, వాళ్ల వెనక నిపుణులు ఉంటారు. మనకి ఏ తూకమూ లేదు. మే నెల ఎండలో హైదరాబాద్ 40 డిగ్రీలు దాటుతుంటే ప్లాస్టిక్ చుట్టుకుని గెంతడం వడదెబ్బకి ఎదురెళ్లడమే. వారానికి అర కిలో, మహా అయితే ఒక కిలో తగ్గడం ఒంటికి మంచిది. మొదటి వారాల్లో కాటా పైకి కూడా పోవచ్చు, కొత్త శ్రమకి కండరాలు నీరు పట్టి ఉంచుకుంటాయి, ఆడవాళ్లకి నెలసరి ముందు ఎలాగూ పెరుగుతుంది. అందుకే టేపు పెట్టి నడుము కొలుచుకోవడం మేలు. మన దేశంలో డాక్టర్లు చెప్పే హద్దు ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు, మగవాళ్లకి 90.

డాక్టరు దగ్గరికి ముందే వెళ్లాలా అని చాలామంది అడుగుతారు. వెళ్లాలి. బీపీ, షుగర్ చూపించుకోవాలి, నలభై దాటినవాళ్లు, ఇంట్లో గుండెజబ్బులున్నవాళ్లు ఈసీజీ సంగతి కూడా డాక్టర్‌ని అడగాలి. షుగర్ మందులు, ముఖ్యంగా ఇన్సులిన్ వాడేవాళ్లకి క్లాసు మధ్యలో షుగర్ పడిపోవచ్చు, సంచిలో గ్లూకోజ్ ఉండాలి, ఆ సంగతి కోచ్‌కి తెలిసి ఉండాలి. ఏళ్ల తరబడి షుగర్ ఉండి కంటి లోపలి పొర దెబ్బతిన్నవాళ్లు కంటి డాక్టరు సరే అనకుండా ఇలాంటి గట్టి వ్యాయామం మొదలుపెట్టకూడదు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఎడమ చేయి లాగడం, ఇవి వస్తే ఆగిపోవాలి, "ఇంకొక్క రౌండ్" అనే మాట అక్కడ చెల్లదు.

బాక్సింగ్ సన్నటివాళ్ల ఆట అనుకునేవాళ్లకి ఒక మాట. బరువుల వారీగా విభాగాలు పెట్టుకున్న ఆట ఇది. పారిస్ ఒలింపిక్స్‌లో మగవాళ్లకి 92 కిలోల పైన కూడా విభాగం ఉంది. టోక్యోలో మన సతీశ్ కుమార్ 91 కిలోల పై విభాగంలో ఆడాడు, ఆ విభాగంలో ఒలింపిక్స్‌కి వెళ్లిన తొలి భారతీయుడు అతనే, ముఖం మీద కుట్లతోనే క్వార్టర్ ఫైనల్ రింగులోకి దిగాడు. 2023లో ఢిల్లీలో జరిగిన మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మన నిఖత్ జరీన్ 50 కిలోల్లో స్వర్ణం గెలిస్తే, అదే పోటీల్లో సవీటీ బూరా 81 కిలోల్లో స్వర్ణం గెలిచింది. వాళ్లు ఏళ్లు కష్టపడ్డ క్రీడాకారులు, మాకు వాళ్లతో పోలిక లేదని తెలుసు. ఇంత బరువుకి ఈ హాల్లో చోటు లేదని ఏ కోచ్ అన్నా అది ఆట చెప్పే మాట కాదని మాత్రం చెప్పగలను. "ముందు ఓ పది కిలోలు తగ్గి రండి మేడం" అని ఫోన్లో చెప్పినవాళ్లు ఉన్నారు. తగ్గడానికే కదా వస్తానంటున్నాం.

నిఖత్‌ది నిజామాబాద్, 2022లో ఇస్తాంబుల్‌లో మొదటిసారి ప్రపంచ చాంపియన్ అయినప్పుడు మా స్కూలు పిల్లలు ఎంత పొంగిపోయారో. బాక్సర్ హుసాముద్దీన్‌ది కూడా అదే ఊరు, కామన్వెల్త్ క్రీడల్లో 2018లో, 2022లో కాంస్యాలు తెచ్చాడు. ఆడపిల్లలకి ఈ ఆట ఎందుకు అనే మాట వాళ్ల పతకాల తర్వాత కొంచెం తగ్గింది. కానీ పతకాలు తెచ్చే పిల్లల కోసం తప్ప, ఒంటి కోసం నేర్చుకునే పెద్దవాళ్ల కోసం ఈ ఆటని ఎవరూ తలుచుకోవడం లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో, అంటే 2019-21లో, తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దాదాపు 30 శాతం మంది ఉండాల్సిన బరువు కంటే ఎక్కువ ఉన్నారని తేలింది, మగవాళ్లు ఇంకొంచెం ఎక్కువే. వీళ్లందరూ నెలకి వేలు పోసి ప్రైవేట్ జిమ్ములకి వెళ్లలేరు. వేసవి రాగానే జీహెచ్‌ఎంసీ పిల్లలకి ఆటల శిబిరాలు పెడుతుంది, మంచి పని, మా స్కూలు నుంచి కూడా వెళ్తారు. పిల్లల్ని దింపి బయట గట్టు మీద కూర్చునే తల్లుల్ని, తండ్రుల్ని చూడండి, వాళ్లలో సగం మందికి ఆ గంటలో ఏదైనా నేర్పితే నేర్చుకునే ఓపిక, అవసరం రెండూ ఉన్నాయి.

అందుకే మీ పత్రిక ద్వారా క్రీడా శాఖవారిని, జీహెచ్‌ఎంసీవారిని అడుగుతున్నాను. ఎల్బీ స్టేడియం, యూసుఫ్‌గూడ, సరూర్‌నగర్, గచ్చిబౌలి, ఎక్కడ వీలైతే అక్కడ, పెద్దవాళ్ల కోసం, బాక్సింగ్ అంటే ఏమీ తెలియని బరువైన మనుషుల కోసం ఒక బ్యాచ్ పెట్టండి. ఉద్యోగాలకి వెళ్లేవాళ్లకి కుదిరేలా పొద్దున ఆరింటికో సాయంత్రం ఏడింటికో ఉండాలి, మధ్యాహ్నం మూడింటికి పెడితే ఎవరూ రాలేరు. ఆడవాళ్లకి వేరే సమయమైనా ఉండాలి లేదా ప్యాడ్లు పట్టడానికి ఒక ఆడ కోచ్ అయినా ఉండాలి, బట్టలు మార్చుకోవడానికి గొళ్లెం పడే గది ఉండాలి. రాష్ట్ర స్థాయి, జాతీయ స్థాయి ఆడి ఇప్పుడు పని లేక ఖాళీగా ఉన్న అమ్మాయిలు ఎంతమందో ఉంటారు, వాళ్లకి ఈ పని ఇస్తే వాళ్లకీ జీతం వస్తుంది, మాకూ సిగ్గు పోతుంది. చేర్చుకునేటప్పుడు బీపీ, షుగర్, మోకాళ్ల సంగతి ఒక కాగితం మీద రాయించుకోండి, మొదటి నెలలో గెంతించకండి, తల మీద దెబ్బలు వద్దు. ప్రైవేట్ జిమ్ములవాళ్లు కూడా ఈ నాలుగు ముక్కలు పాటిస్తే వాళ్లకే లాభం, మూడో వారంలో మానేసేవాళ్లు తగ్గుతారు.

నాతో పాటు మొదట చేరి మానేసిన ఆ అబ్బాయి ఫోన్ నంబర్ నా దగ్గర లేదు. అతను మీ పత్రిక చదివితే, కాలి నొప్పి పూర్తిగా తగ్గాక, నేర్పే మనిషిని బాగా విచారించి మళ్లీ మొదలుపెట్టమని నా తరఫున చెప్పినట్టవుతుందని ఈ ముక్క కూడా రాశాను, దయచేసి కత్తిరించకుండా వేయండి.

ఇట్లు,
ఒక టీచర్,
విద్యానగర్, హైదరాబాద్.